రఫ్ఫు

ముహర్రఖ్. ఎనభై ఆరు, ఆగస్టు.
ఇస్త్రీపెట్టె కన్నా వీధి వేడిగా ఉన్న మధ్యాహ్నం
బొగుమిల్ దొర వచ్చి
రెండు చొక్కాలు, ఒక లుంగీ, వాటి అడుగున
దాచినట్టుగా ఒక తెల్ల పట్టుగుడ్డ
బల్ల మీద పెట్టి పోయాడు.

లుంగీ అంటే నవ్వకండి.
డెబ్బయ్యేళ్ళ పోలండు మనిషి
పక్కనున్న మలబారీ హోటల్లో చేపల పులుసు తిని తిని
లుంగీకి అలవాటు పడ్డాడు.
ఎయిర్‌పోర్టులో జనరేటర్లు చూసేవాడు.
నడుస్తూ నడుస్తూ ఊరికే
ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసేవాడు,
అప్పులవాడు వస్తున్నాడేమో అన్నట్టు.

సిరిసిల్లలో పదేళ్ళు
సాంచెల మధ్య చెవుడు తెచ్చుకున్నవాణ్ణి,
పోగు పట్టుకుంటే దాని వయసు చెప్తాను.
ఈ పట్టుకి నలభై పైమాటే.
అంచుకి జానెడు ఇవతల చిల్లు,
చిటికెనవేలు దూరేంత.

ఎవరూ అడగలేదు.
రాత్రి షట్టరు దించాక
మాడిన అంచు కత్తిరించి, ఊడ్చి,
అదే గుడ్డ కొసనుంచి పోగులు లాగి
పడుగుకి పడుగు, పేకకి పేక,
మా నాయిన అతికినట్టే
ఉమ్మితో తడిపి, నలిపి, అతికాను.
తెల్లారేసరికి చిల్లు లేదు.
మూడేళ్ళలో పని అని చెప్పుకోదగ్గది
అదొక్కటే చేశాను. మిగతావన్నీ మడతలు.

గురువారం దొర వచ్చాడు.
గుడ్డ మీద వేలు జార్చాడు.
ఇటు. అటు. తిరగేసి మళ్ళీ.
కరెంటు పోయిన గదిలో అగ్గిపెట్టె కోసం తడిమినట్టు.
నేను నవ్వుతూ నిలబడ్డాను.
బక్షీసు ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు.

అప్పుడు స్టూలు మీద కూర్చున్నాడు.
ఆయనకొచ్చిన అరబ్బీ సగం, నాకొచ్చింది సగం,
రెండూ కలిపితే ఈ అతుకుల మాట:

ఇంగ్లండు మీద. సెప్టెంబరు.
మా దేశం పోయి ఏడాది.
పన్నెండు హరికేన్లు లేచాం.
మేం దగ్గరికెళ్ళి కాల్చేవాళ్ళం,
ఎదుటి రేకు మీద రివెట్లు కనబడేదాకా
వేలు నొక్కేవాళ్ళం కాదు.
మెడ అస్తమానం తిప్పుతూ ఉండాలి.
కాలరు గరుకు, తోలు లేచిపోతుంది.
అందుకు ఈ పట్టు. సోకనుకున్నావా?

నా వెనక త్సెజారి ఉండాలి.
ఉన్నాడా అని తిరిగాను.
మెడ అంతకుముందున్న చోటునుంచి
దూసుకుపోయింది గుండు.
పట్టు కాలింది. నేను కాల్లేదు.
వెనక ఆకాశం శుభ్రంగా ఉంది.

శుభ్రంగా, అన్నాడు మళ్ళీ,
మా లాండ్రీ బోర్డు మీదున్న ఆ అరబ్బీ మాటే.

వాడికి సమాధి లేదు. ఫొటో లేదు.
మా ఊరు ఇప్పుడు ఇంకో దేశం పేరు రాసుకుంటోంది.
ఆ చిల్లు ఒక్కటే
వాడి అడ్రసు.

ఏం చెప్పాలో తెలీక
నా పాస్‌పోర్టు ఖఫీల్ బీరువాలో ఉంది, అన్నాను.
ఎందుకన్నానో.
అదే సరైన జవాబన్నట్టు తలూపాడాయన.

ఆ రాత్రి విప్పాను.
అతకడం చేతులకి వచ్చు,
విప్పడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.
సూదిమొనతో ఒక్కో పోగూ వెనక్కి.
పైనుంచి బొంబాయి విమానం దిగుతుంటే
గోడకున్న హ్యాంగర్లు గలగలమన్నాయి.

చిల్లు వచ్చింది.
కానీ అంచు మెత్తగా ఉంది.
కాలిన భాగాన్ని ఊడ్చి పారేసింది నేనే కదా.
యుద్ధం చేసిన చిల్లు కాదిప్పుడు,
నేను చేసింది.

దొర దాన్ని వెలుతురుకి పట్టాడు.
ఒక కన్ను మూసి అందులోంచి
నన్ను చూశాడు, షట్టరుని చూశాడు, తర్వాత పైకి.
"ఖరీబ్," అన్నాడు. దగ్గర.
సరిపోయిందన్నాడో
గురి కాస్త తప్పిందన్నాడో.

చొక్కాలకీ లుంగీకీ మాత్రం లెక్కపెట్టి డబ్బులిచ్చాడు.
ఆ ఎండలో, పట్టు మెడకి చుట్టుకుని,
మలుపు దాకా వెళ్ళి
ఎడమ భుజం మీదుగా తిరిగాడు.

నేను గుమ్మంలోనే ఉన్నాను.